నైరుతి గదిలో సముద్రం

ముందే ఒప్పుకుంటే మంచిది. నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. చెంబును చూస్తే గంగాళం అంటాను, గంగాళాన్ని చూస్తే గోదావరి అంటాను. బంగారం కొట్లో పాత నగకి తరుగు తీసినట్టు, మా ఇంట్లో నా మాటకి మూడో వంతు తరుగు తీసి వింటారు. ఆఫీసులో సగం తీస్తారు. పత్రికలవాళ్ళు మాత్రం తరుగు తీయకుండానే, పైన 'హాస్యం' అని ఒక ముక్క తగిలించి అచ్చేస్తారు. కాబట్టి ఇది చదివేటప్పుడు ఎవరి త్రాసు వాళ్ళు దగ్గర పెట్టుకోండి. ఇందులో నేను కల్పించింది ఏదో చివర్లో నేనే చెప్పేస్తాను. మధ్యలో ఆపి అడక్కండి.

విమానాశ్రయం శంషాబాద్ వైపు వస్తుందని ఒక కబురు పుట్టిన రోజులవి. విమానం సంగతి దేవుడెరుగు, కబురు మాత్రం రెక్కలు కట్టుకుని దిగింది. జొన్నచేలల్లో రాత్రికి రాత్రి తెల్లరాళ్ళు మొలిచాయి. ప్రతి రాయి పక్కనా ఒక గొడుగు, గొడుగు కింద లేఅవుట్ కాగితం పట్టుకున్న ఒక పెద్దమనిషి. ఆ కబురును నమ్మి, కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ ఒక మిర్చి వ్యాపారి, శంషాబాద్ దాటాక బెంగుళూరు రోడ్డు పక్కన హోటలు కట్టాడు. మామూలు హోటలు కాదు. ఎక్కడో విదేశంలో చూసి వచ్చాడట, ఒక్కో గదికి ఒక్కో చిత్రకారుడు గోడల నిండా బొమ్మలు వేయాలి. గదులకు నెంబర్లు ఉండవు. బొమ్మే పేరు. నెమళ్ళ గది, కుండల గది, పెళ్ళి ఊరేగింపు గది. ఆ చివరి గదిలో నాలుగు గోడల మీదా డోళ్ళవాళ్ళూ సన్నాయివాళ్ళూ బుగ్గలు పూరించుకుని ఉంటారు. అందులో పడుకున్న వాడెవడూ కునుకు తీసిన పాపాన పోలేదు.

లారీ డ్రైవర్లు వచ్చి, "భోజనం ఉందా?" అని అడిగేవారు. "బొమ్మలున్నాయి, చూస్తారా?" అనేవాడు యజమాని. వాళ్ళు నమస్కారం పెట్టి లారీ ఎక్కేవారు.

ఎనిమిది గదుల్లో ఒకటి మా అన్నయ్య వేశాడు.

మా అన్నయ్య బడిలో డ్రాయింగు మాస్టారు. జన్మంతా నల్లబల్ల మీద మామిడాకు వేసి, గంట కొట్టగానే తుడిచేసిన మనిషి. పెళ్ళిళ్ళకి థర్మోకోల్ మీద పేర్లు చెక్కేవాడు, అవి మర్నాడు కుప్పలోకి పోయేవి. ఉండిపోయే బొమ్మ ఒక్కటి వేయమని దేవుడు అతనికి ఆ గది ఇచ్చాడనుకున్నాం. రెండు వేసవి సెలవులూ, లెక్కలేనన్ని ఆదివారాలూ అక్కడే గడిపి మా ఊరి సముద్రాన్ని మూడు గోడల మీద దింపాడు. పొడి రంగులు, తుమ్మబంక, అంతే సరంజామా. ఆ సముద్రం ఎంత పెద్దదంటే, తలుపు తీసేటప్పుడు పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టుకునేవాణ్ణి. దిండు మీద తల పెడితే చెవిలో ఇసుక. ఆ గదిలో స్నానాల గదికి మాత్రం నీళ్ళు రావు. కరెంటు ఉంటే మోటారు ఆడదు, మోటారు ఆడితే బోరులో నీళ్ళుండవు.

అక్కడ తోటపనీ కాపలా పనీ చూసే ముసలాయన ఉండేవాడు. అందరూ బాపు అనేవాళ్ళు. హోటలు కట్టిన నేల ఒకప్పుడు ఆయన ద్రాక్షతోటే. ఆయన ఆ గది చూసి అన్న మాట అన్నయ్య ఎంతో మురిపెంగా చెప్పేవాడు:

"ఏంది డ్రాయింగ్ సారూ! నల్లాల సుక్క నీళ్ళు లెవ్వు, గోడ మీద గింత సముద్రం తెచ్చి పెట్టినవ్. జర గా గోడకొక నల్లా బిగించరాదే?"

మా వదిన ఆ గది చూడలేదు. హోటలు ప్రారంభం నాటికి ఆవిడ పుట్టింటికి వెళ్ళి ఉంది, వాళ్ళ అమ్మగారికి బాగాలేక. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా, "అలలు ఇంకా కుదరలేదు. కుదిరాక తీసుకెళ్తాను" అనేవాడు. ప్రతి ఆదివారం వెళ్ళి ఏదో ఒక అలను సరిచేసి వచ్చేవాడు. అలకి మాత్రం పని అయిపోవడమంటూ ఉంటుందా? పోయిన మాఘంలో, బడిలో, నల్లబల్ల ముందు ఆకుకి ఈనెలు గీస్తూ కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

ఇక్కడ ప్రారంభం నాటి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా దానితోనే వచ్చింది. ఆ రోజు జనమంతా సముద్రం గదిలో పోగయ్యారు. యజమాని అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి ఒక్కొక్కరికీ చూపిస్తున్నాడు. ఆ గుంపులో ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. ఆవపువ్వు రంగు సఫారీ, జేబులో నాలుగు పెన్నులు, ముందు పళ్ళ సందులో ఇరుక్కున్న వక్కముక్క, దాన్ని నాలుకతో తోసుకుంటూ మాట్లాడే అలవాటు. ఆ మహానుభావుడు గోడను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, గట్టిగా, "అంతా బాగుంది గానీ, ఇది నైరుతి మూల కాదుటండీ? నైరుతిలో గొయ్యి ఉంటేనే ఇల్లు మునుగుతుందంటారే, మీరు ఏకంగా సముద్రాన్నే తెచ్చి పెట్టారు. ఇంక యజమానిగారు ఈత నేర్చుకోవడమే!" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. యజమాని నవ్వలేదు.

ఆ రోజుల్లో మనవాళ్ళకి వాస్తు ఎంత పట్టిందో మీకు తెలియంది కాదు. ఇంటి గేటును తూర్పు నుంచి ఉత్తరానికి, మళ్ళీ ఉత్తరం నుంచి తూర్పుకి మార్చి మార్చి, చివరికి గోడే లేకుండా చేసుకున్నవాళ్ళని ఎరుగుదును. అల్లుడికి అచ్చిరాలేదని వంటింటినే పడగొట్టినవాళ్ళనీ ఎరుగుదును. హోటలు పెట్టి ఏడాదిన్నర దాటినా గదులు ఖాళీగా ఉండేసరికి, యజమానికి ఆ మాట మళ్ళీ చెవిలో మోగడం మొదలెట్టింది. ఆపైన ఆయన భార్య మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఇంకేముంది? సిద్ధాంతి వచ్చాడు, దిక్సూచి తీశాడు, నైరుతి గది తలుపు తీసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"దీంట్లో బావి తవ్వినా ఇంత కీడు లేదు," అన్నాడట. "గురువారం ఉదయం ఎనిమిదిలోపు సున్నం పడాలి."

యజమాని మర్యాద తెలిసినవాడు. సోమవారం నా ఆఫీసుకి ఫోను చేసి చెప్పాడు. ఊళ్ళో లేని నాకు ఆ కబురు బుధవారం పొద్దున్న అందింది, మధ్యాహ్నానికల్లా చేతిసంచితో దిగాను. నాకు కావలసింది ఒక్కటే. గోడను కాపాడలేకపోయినా, వదిన వచ్చి చూసేదాకా దాన్ని నిలబెట్టాలి.

పొద్దున్నించీ ముసురు. ఆకాశం తడిసిన బొంతలా రోడ్డు మీదకి వేలాడుతోంది. తెల్లరాళ్ళ దగ్గర గొడుగులు అలాగే ఉన్నాయి, కింద పెద్దమనుషులు లేరు. హోటల్లో ఉన్న అతిథిని నేనొక్కణ్ణే.

యజమాని టీ తెప్పించి ఎదురుగా కూర్చున్నాడు.

"రచయితగారూ, నాకు మాత్రం ఇష్టమా చెప్పండి. ఈ హోటలు మొత్తంలో నేను చెప్పులు బయట విడిచి వెళ్ళే గది అదొక్కటే. మీ అన్నగారు ఈశాన్యం గది తీసుకుని ఉంటే ఆ సముద్రాన్ని నెత్తిన పెట్టుకునేవాణ్ణి. పడమటి కిటికీ కావాలి, సాయంత్రపు వెలుతురు కావాలి అని ఆయనే నైరుతి గది అడిగారు."

"ఒక్క రోజు ఆపండి. వదిన చూసి వెళ్తుంది."

"శుక్రవారం సున్నం వెయ్యరటండీ. శని పనికిరాదు. ఆ తర్వాత మూఢం. ఎన్నాళ్ళని ఆపను?" అని, కాస్త ఆగి, "ఆ మాట ఆ రోజే నా చెవిన పడింది. పడ్డాక ఇంక అది వదలదండీ," అంటూ నా వైపు చూశాడు.

నేను టీ వైపు చూశాను. అందులో ఒక చీమ ఈదుతోంది. నైరుతి దిక్కుగానే.

రోడ్డు దాటి ఎస్టీడీ బూత్ నుంచి బడంగ్‌పేట్‌లో వదిన పక్కింటికి ఫోను చేశాను. అన్నయ్య అక్కడ కొత్త కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పక్కింటావిడ కేకేసి పిలిస్తే వదిన వచ్చింది.

"రేపు పొద్దున్న ఎనిమిదిలోగా రాగలరా వదినా?"

"ఇవాళ్టి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. రేపు మా కాలనీకి మొదటి బస్సే ఏడున్నరకి కదయ్యా. మళ్ళీ ఇంకోటి మారాలి. తొమ్మిదిన్నర అవుతుంది." ఇంకో మాట కూడా అంది, గొంతు తగ్గించి. "అయినా మరిదీ, ఏడాది తిరగలేదు. నేను వచ్చి వాళ్ళ గుమ్మం తొక్కితే వాళ్ళేమనుకుంటారో. అసలే వ్యాపారం బాగాలేదంటున్నావు."

"మీరు రండి వదినా. గుమ్మం సంగతి నేను చూసుకుంటాను."

చాలా ధైర్యంగా అన్నాను. ఫోను పెట్టేశాక ధైర్యం బూత్‌లోనే ఉండిపోయింది.

ఫొటో తీసుకోవచ్చు కదా అంటారేమో. తీశాను. ఆఫీసులో ఒకాయన్ని బతిమాలి కెమెరా తెచ్చి, కిటికీ తెరిచి, ఉన్న వెలుతుర్లోనే ముప్ఫై ఆరు బొమ్మలు నొక్కాను. రీలు లోపల పళ్ళచక్రానికి తగులుకోలేదనీ, నేను ముప్ఫై ఆరుసార్లు గాలిని ఫొటో తీశాననీ తర్వాత స్టూడియోలో తెలిసింది.

ఆ గదిలోనే పడుకున్న రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు, దోమలు తప్ప. ఒక్కొక్కటీ పిచ్చుకంత. రెండు దోమలు కలిసి దుప్పటి లాగాయి, మూడోది దిండు సర్దింది. తెల్లవారేసరికి లేచి కూర్చుని గోడ వైపు చూశాను. అన్నయ్య అలలకి ఒక గుణం ఉంది, దగ్గరికి వెళ్తే గీతలు, దూరం జరిగితే నీళ్ళు. కుడి గోడ అడుగున, ఇసుక మీద, ఒక హవాయి చెప్పు వేశాడు. ఒక్కటే. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంటుంది. చెప్పన్నాక రెండుండాలి కదా, మర్చిపోయాడా, చోటు చాల్లేదా అని అన్నయ్యని చాలాసార్లు ఆటపట్టించాను. ఏనాడూ జవాబు చెప్పలేదు.

ఏడున్నరకి స్కూటరు మీద సిద్ధాంతి వచ్చాడు. బాపు బకెట్లో సున్నం కలుపుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. నేను ఆఖరి ప్రయత్నం చేశాను.

"సిద్ధాంతిగారూ, అవి నీళ్ళు కావండీ. రంగుపొడి, తుమ్మబంక."

"పటంలో దేవుడికి దణ్ణం పెడతారా?"

"పెడతాను."

"అది కాగితం కదా?"

 జవాబు ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో, అంత బాగుంది ఆ మాట. మళ్ళీ తేరుకుని, "పోనీ నీలం మీద పసుపు పూసి ఎడారి చేసేద్దాం. ఒంటెను నేనే వేస్తాను," అన్నాను.

"ఒంటె కడుపులో నీళ్ళుంటాయి," అన్నాడు సిద్ధాంతి, దిక్సూచి జేబులో పెట్టుకుంటూ.

యజమాని కుంచె ముంచి, కళ్ళు మూసుకుని, గోడ మధ్యలో ఒక్క గీత వేశాడు. కుంచెను బాపు చేతిలో పెట్టి, నా ముఖం చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే సిద్ధాంతీ వెళ్ళాడు. స్కూటరు చప్పుడు ముసురులో కలిసిపోయింది.

బాపు లేవలేదు. బీడీ తీశాడు, వెలిగించలేదు.

"సారూ, అక్క ఎప్పుడొస్తది?"

"తొమ్మిదిన్నర."

"పరేషాన్ గాకు. సున్నం సంగతి నీకు ఎర్కనా? తడి మీద ఉన్నంతసేపు సున్నం అద్దం లెక్కుంటది, లోపటిదంత కనవడతది. ఆరినంకనే తెల్లగైతది. ఇగ గీ ముసురుల జల్ది ఆరదు. నేను నిమ్మళంగ ఎస్త. పల్చగ ఎస్త. రెండో కోటు అక్క పోయినంకనే."

"మీ సేటు ఏమన్నా అంటే?"

"ఏమంటడు? ముసలోడు, చేతులు ఆడుతలేవంట. నా తోట మీద రోడ్రోలర్ నడిపిచ్చిన నాడు నేనేమన్న అన్ననా ఆయనను?"

అలా ఆ ముసలాయన సముద్రానికి సున్నం వేయడం మొదలుపెట్టాడు. ఎంత నెమ్మదిగా అంటే, ఒక అల దగ్గర్నుంచి ఇంకో అల దాకా వెళ్ళేసరికి శంషాబాద్‌లో రెండు లేఅవుట్లు అమ్ముడుపోయి ఉంటాయి. పైనుంచి కిందకి, ముందు ఎడమ గోడ, తర్వాత మధ్య గోడ. కుడి గోడను ఆఖరికి ఉంచాడు. ఎడమ గోడ మీద ఆకాశం పై నుంచి తెల్లబడటం మొదలైంది. నేను మంచం మీద కూర్చుని, నా జీవితంలో మొదటిసారి, ఎవరితోనూ ఏమీ అనకుండా ఉన్నాను.

వదిన తొమ్మిదిన్నరకి కాదు, పదికి వచ్చింది. చీర అంచు బురద. గేటు దగ్గర ఆగిపోయి లోపలికి రానంది. బాపు సున్నం చేతులతోనే ఎదురెళ్ళాడు.

"రా అక్కా, రా. గా గుమ్మం నా తోటల కట్టిందే. నేను పిలుస్తున్న, ఇగ ఎవ్వల్ని అడుగుతవ్?"

వదిన లోపలికి వచ్చింది. ఎడమ గోడ అప్పటికే ఆరిపోయింది, నీలిమందు కలిపిన మామూలు సున్నం గోడలా ఉంది. మధ్య గోడ సగం ఆరింది. కుడి గోడ మాత్రం పూర్తిగా తడి. ఆ తడి వెనక అలలు మంచు పట్టిన అద్దంలోంచి కనబడ్డట్టు కనబడుతున్నాయి. ఆవిడ ఆ గోడ దగ్గరికే వెళ్ళింది. చాలాసేపు పైన చూసింది. తర్వాత కిందకి వంగి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఒక్కటే వేశారు," అంది.

"ఏమిటి వదినా?"

"చెప్పు. పెళ్ళైన ఏడాది సముద్రానికి తీసుకెళ్ళారు. రెండోది అల లాక్కుపోయింది. పోనిద్దురూ అన్నా వినకుండా నడుం లోతు దిగి వెతికారు, ఈత కూడా రాని మనిషి. దొరకలేదు. బస్టాండు దాకా నేను ఒక్క చెప్పుతో, ఆయన నాకు తోడుగా వట్టి కాళ్ళతో." పిన్నీసు దగ్గర వేలు పెట్టబోయి, సున్నం తడి అని గుర్తొచ్చి తీసేసింది. "ఎంత బాగా వేశారో. ఆ పిన్నీసు నాదే."

బాపు బకెట్ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మేమిద్దరం ఆ గోడ ఆరేదాకా కూర్చున్నాం. ఏదీ ఒక్కసారిగా పోలేదు. ముందు నురగ పోయింది, తర్వాత దూరపు గీత. ఇసుక పోయినా చెప్పు కాసేపు గాలిలో ఉన్నట్టు ఉంది. చివరికి పిన్నీసు ఉన్న చోట సన్నటి నల్లచుక్క, ఆ తర్వాత అదీ లేదు.

వదిన లేచి చీర దులుపుకుంది. గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

"ఇన్నాళ్ళూ లేనిది, ఇది నైరుతి మూల అని వాళ్ళకి ఎవరు చెప్పారు మరిదీ?"

"ఎవరో కాంట్రాక్టరు వదినా. ప్రారంభం నాడు వచ్చాడు. పసుపు సఫారీ వేసుకున్నాడు."

"పాపం, ఏదో నవ్వులాటకి అని ఉంటాడు," అంది వదిన.

ఆవిణ్ణి బస్సెక్కించి వచ్చేసరికి బాపు రెండో కోటు మొదలెట్టాడు.

ఇప్పుడు నేను మాట ఇచ్చిన సంగతి. దోమలు పిచ్చుకంత లేవు, కానీ దాన్ని కల్పన అనను, అది నా కొలబద్ద. సిద్ధాంతి ఒంటె మాట అక్షరాలా అన్నాడు. బాపు, సున్నం, చెప్పు, పిన్నీసు, అన్నీ ఉన్నవే. కాంట్రాక్టరు లేడు. ఆ సఫారీ నేను కుట్టించింది, పెన్నులు నేను పెట్టినవి, వక్కముక్క నేను ఇరికించింది. ఆ రోజు అందరూ అన్నయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డారు. రచయితనని నన్నూ పిలిచారు, కానీ నా వైపు చూసేవాడు లేడు. ఒక్క మాటతో అందర్నీ నా వైపు తిప్పుకున్నాను. బాగా నవ్వారు. యజమాని మర్యాదస్తుడు కాబట్టి ఆ మాట ఎవరిదో ఇంతవరకూ ఎక్కడా ఎత్తలేదు.

వదిన పత్రికలు చదువుతుంది. నావి తప్పకుండా చదువుతుంది. ఇది కూడా చదువుతుంది. వదినా, ఈ ఒక్క మాటకి తరుగు తీయకండి.